పాతింటి తాళం

“మీ అమ్మగారు నగలు ఎక్కడ దాస్తారండీ?”

కంప్యూటరు చూడ్డానికి వచ్చిన మనిషి గడపలో చెప్పులు విడుస్తూనే ఈ ప్రశ్న అడిగితే ఎవరైనా ఏమనుకుంటారు? మేమూ అదే అనుకున్నాం. నేనైతే పక్క కుర్చీలో ఉన్న హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మా ఓనర్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ఆయన్ని కింది నుంచి పైదాకా చూశారు. గవర్నర్‌పేటలో ఎవరిని అడిగినా “ఆయన్నే పిలవండి” అన్నారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ క్షణమే మెట్లు దిగి వెళ్ళిపోవాల్సిన మనిషి.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మా వీధిలో ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన మైలవరం గారు. మనుషుల్ని ఊళ్ళ పేర్లతో పిలిచే అలవాటు ఆయనదే. జనం అదే అలవాటుని ఆయన మీద తిప్పికొట్టారు. నేను రోజూ కంకిపాడు నుంచి బస్సులో వచ్చి వెళ్తానని తెలిసిన దగ్గర్నుంచి నేను “ఏమ్మా కంకిపాడూ” అయ్యాను. కొల్లేటి లంకలో పుట్టిన మా ఓనర్ గారు “కొల్లేరు గారు” అయ్యారు. “పేర్లు కంప్యూటర్లో ఎలాగూ ఉంటాయమ్మా. ఎవరూ రాసిపెట్టుకోనిది ఊరే” అనేవారు.

మొన్న ఒకరోజు పొద్దున, నేను ఆఫీసు తలుపు తీసి ఫ్యాను వేసుకునేలోగా ఫోను మోగింది.

“నేనండీ, మైలవరం గారి ఇంట్లోంచి మాట్లాడుతున్నా. ఆయన పోయారండీ. నెల దాటింది. షాపు ఖాళీ చేస్తన్నాం. మీ ఆఫీసుది ఒకటి బీరువాలో ఉండిపోయింది. ఒకసారి వస్తారా?”

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చెప్పకుండా వెళ్ళే మనిషి కాదే! మా ఆఫీసులో పని చేస్తూ కిందికెళ్ళి టీ తాగి రావాలన్నా, “కంకిపాడూ, నేనొచ్చేలోగా దాన్ని ముట్టుకున్నావో, నీకూ నాకూ మాటల్లేవు” అని బెదిరించి మరీ వెళ్ళేవారు. అలాంటి మనిషి పోతే, రెండు సందుల అవతల కూర్చున్న నాకు ఇన్నాళ్ళకి తెలియడమేమిటి? “వస్తానండీ” అని ఫోను పెట్టేశాక అప్పుడు ఏడ్చాను.

ఆయన చేసే పని చెబితే చాలా చిన్నదిగా వినిపిస్తుంది. ఆఫీసుల్లో పాత కంప్యూటరు తీసి కొత్తది పెట్టేటప్పుడు, పాత ప్రోగ్రాం పోయి కొత్తది వచ్చేటప్పుడు, పాతదాంట్లో పేరుకుపోయిన మెయిళ్ళన్నిటినీ కాపీ తీసి, చెక్కుచెదరకుండా కొత్తదాంట్లోకి చేర్చడం. ఆయన మాత్రం దాన్ని చిన్నదిగా ఎప్పుడూ చెప్పుకోలేదు. “సామాను మార్చేవాళ్ళు బెజవాడ నిండా ఉన్నారు. కాపురం మార్చేవాణ్ణి నేనొక్కణ్ణే” అని ఎదుటివాడి మొహం మీదే అనేవారు. వినయానికీ ఆయనకీ దూరపు చుట్టరికం కూడా లేదు.

పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సినచోట స్క్రూడ్రైవరు. చేతిలో లాప్‌టాప్ బ్యాగు బదులు మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. పై గిన్నెలో పెరుగన్నం, ఓ మాగాయ టెంక. కింది రెండు గిన్నెల్లో మెత్తటి గుడ్డలో చుట్టిన హార్డు డిస్కులు. మొదటిసారి ఆయన క్యారేజీ విప్పి డిస్కు బయటికి తీసినప్పుడు నాకు నవ్వాగలేదు.

“నవ్వకమ్మా. సిటీబస్సులో లాప్‌టాప్ బ్యాగైతే కొట్టేస్తారు. ముసలాడి క్యారేజీ ఎవడు కొట్టేస్తాడు?”

ఒకసారి వాళ్ళావిడ చూసుకోక అడుగు గిన్నెలో పప్పుచారు పోసి పంపారట. ఆ రోజంతా డిస్కులు జేబురుమాల్లో మూటగట్టుకుని ఒళ్ళో పెట్టుకుని తిరిగారు. తర్వాత్తర్వాత క్యారేజీలో రెండు గిన్నెలే కనిపించడం మొదలైంది. మూడోదేమైందని అడిగాను. “ఒకళ్ళ పని పూర్తవలేదు. అందులో ఉంది” అన్నారు. ఎవరిదండీ అంటే, “ఎవరిదైతే నీకెందుకు?” అన్నారు. అదీ వరస.

నగల ప్రశ్నకి వద్దాం. అది ఆయన కట్టుకున్న సిద్ధాంతం. “విలువైనది ఎక్కడ పెట్టుకోవాలో మనిషి ఇంట్లోనే నేర్చుకుంటాడమ్మా. అమ్మ నగలు ఎక్కడ దాచిందో కొడుకు మెయిళ్ళు అక్కడే దాస్తాడు. అది కనుక్కోకుండా కాపీ తీశామనుకో, గిన్నెలన్నీ కొత్తింటికి వస్తాయి, నగలు పాతింట్లో ఉండిపోతాయి.” నేను దీన్ని చాలాకాలం చాదస్తం కింద కట్టేశాను. కానీ మా కింది అంతస్తు లాయరు గారు “మా అమ్మ ఉన్నవన్నీ ఒంటి మీదే వేసుకుని తిరిగేదండీ” అన్నారు. వెళ్ళి చూస్తే ఆయన స్క్రీను మీద వాల్‌పేపర్ కనపడనన్ని ఫైళ్ళు. “మా అమ్మవి బ్యాంకు లాకర్లో ఉంటాయి” అన్న ఒక కాలేజీ కరస్పాండెంటుని మైలవరం గారు ఎగాదిగా చూసి, “అయితే పాస్‌వర్డు పెట్టి మర్చిపోయుంటారు” అన్నారు. ఆ పెద్దమనిషి మొహం కత్తివేటుకి నెత్తురుచుక్క లేనట్టు అయిపోయిందట. పక్క సందులో ఒక ఆడిటరు మాత్రం, “నగలెక్కడివండీ మాకు” అని తల దించుకున్నాడు. అతని దగ్గర ఈయన, అందరి మెయిలు అడ్రసులూ ఉండే పుస్తకాన్ని ముందు కాపీ తీశారు. “నగల్లేని ఇంట్లో మనుషులే ఆస్తి” అని తర్వాత నాతో అన్నారు.

ఇక “ఏం కాదులెండి” అన్న మాట వింటే ఆయనకి ఒళ్ళు మండేది. కంపెనీ ఇంజనీర్లు ఫోనులో అస్తమానం వాడే మాట అది. “ఏం కాదన్నవాడే అయినరోజున ముందు ఫోను కట్టేస్తాడు” అనేవారు. కాపీ జరుగుతున్నప్పుడు స్క్రీను మీద పచ్చటి గీత పెరుగుతూ ఉంటుంది కదా, మనమందరం దాన్నే చూస్తాం. ఆయన దాని వంక చూసేవారే కాదు. కంప్యూటరుకి చెవి ఆనించి లోపల డిస్కు తిరిగే చప్పుడు వినేవారు. అన్నీ తెలిసిన మనిషని కాదు. ఫోనులో మెయిళ్ళు చదువుకునే రోజు చచ్చినా రాదని, వచ్చినా బెజవాడ దాకా రాదని నాతో ఘంటాపథంగా చెప్పింది ఈయనే. ఆ సంగతి గుర్తుచేస్తే, “అది చదవడం కాదు, చూడ్డం” అని కొట్టిపారేసేవారు. ఓడిపోవడం చేతకాదు.

ఆయన మాటల్లో నేను ఇప్పటికీ వాడుకునేది ఒకటుంది.

“అద్దిల్లు మారేవాళ్ళు కొత్తింట్లో పాలు పొంగాయి కదాని పాతింటి తాళం ఇచ్చేస్తారు. తప్పు. పాలు పొంగడం శాస్త్రం. కొత్తింట్లో అన్నం వండుకుని, తిని, చెయ్యి కడుక్కున్నాక ఇవ్వాలి తాళం. ఉప్పు డబ్బా పాతింట్లో మర్చిపోయిన సంగతి అన్నం కలుపుకున్నప్పుడేగా తెలిసేది!”

మాటే కాదు, పని కూడా అలాగే చేసేవారు. మెయిళ్ళన్నీ కొత్త కంప్యూటర్లోకి చేర్చాక పాత డిస్కు విప్పి తనతో తీసుకెళ్ళేవారు. వెళ్ళి ఒక మెయిలు పంపేవారు. మనం కొత్తదాంట్లో ఏదైనా పాత ఉత్తరం స్వయంగా వెతికి తీసి, చదివి, ఆయనకి జవాబు రాయాలి. ఆ జవాబు చేరితేనే పాత డిస్కు చెరిపి తిరిగి ఇచ్చేవారు. దాన్నే తాళం ఇవ్వడం అనేవారు.

మా ఆఫీసు సంగతి చెప్పాలి. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో చేపలు కొని, ఐసులో సర్ది, లారీల మీద తూర్పు రాష్ట్రాలకి పంపే వ్యాపారం మాది. ఓనర్ గారిది తాతల నాటి నుంచి వల పట్టిన ఇల్లు. ఆయన స్కూలుకి వెళ్ళింది తక్కువే గానీ మెయిళ్ళు తనే చదువుకుంటారు, తనే పెట్టుకుంటారు. చూపుడువేలు ఒక్కదానితో టైపు చేస్తారు. ఆయన వాడే మెయిలు ప్రోగ్రాం బాగా పాతదైపోయింది, కొత్తది పెట్టక తప్పదని ఒక కంపెనీ వాళ్ళు చెప్పి, కొత్త కంప్యూటరు కూడా దింపి వెళ్ళారు. “పాతవి పోతాయా?” అని నేనడిగితే వాళ్ళ ఇంజనీరు ఫోనులో, “ఏం కాదు మేడమ్. ముందు చెత్తబుట్ట ఖాళీ చేసెయ్యండి. బరువు తగ్గుతుంది” అన్నాడు. చెత్తబుట్టంటే మనం తీసిపారేసిన మెయిళ్ళు వెళ్ళి పడే చోటు. మా ఓనర్ గారి బుట్ట పొంగిపొర్లుతోంది. సరే, ఖాళీ చేద్దామని మౌసు దాని మీద పెట్టాను. సరిగ్గా అప్పుడు మైలవరం గారు గడపలో నిలబడి నగల గురించి అడిగారు.

“మా అమ్మ నగల్తో నీకేం పనయ్యా?” అన్నారు ఓనర్ గారు.

“పనుంది కాబట్టే అడిగానండీ.”

“మా అమ్మకి ఉన్నయ్యి నాలుగు బంగారపు గుండ్లు. ఎండుచేపల బుట్టలో అడుగున పెట్టేది. ఆ కంపులో చెయ్యి పెట్టే దొంగ ఇంకా పుట్టలేదు. చాలా?”

“చాలండీ” అని మైలవరం గారు నా వైపు తిరిగారు. “అమ్మాయ్, ముందు ఆ మౌసు మీంచి చెయ్యి తియ్యి.”

తీశాను. ఆయన కూర్చుని చెత్తబుట్ట తెరిచారు. పారేసినవి అనుకున్నవి ఒక్కొక్కటే పైకొచ్చాయి. చేపల్లో ఏ మందూ కలపలేదని ల్యాబు వాళ్ళు పంపిన రిపోర్టులు. అనుమతి పత్రాలు. ఈ వ్యాపారం మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట సరుకడిగినవాడి మెయిలు. ఓనర్ గారి పెళ్ళి ఫొటో కూడా అందులోనే ఉంది.

“మరి ముఖ్యమైనయ్యన్నీ అందులోనేగా ఏస్తా!” అన్నారు ఓనర్ గారు, ఇందులో వింతేముందన్నట్టు. “ఎవడన్నా నా కంప్యూటరు తెరిచినా చెత్తలో ఎతుకుతాడా?”

ఇన్నేళ్ళు ఆయన పక్క గదిలో పనిచేసి ఈ సంగతి నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. వాళ్ళమ్మ గారికి మాత్రం తెలిసుండేది.

“ఈ పాత ప్రోగ్రాం మంచిదండీ, మీ బుట్ట జోలికి రాలేదు” అన్నారు మైలవరం గారు. “కొత్తది అట్టా కాదు. నెలకోసారి దానంతటదే ఊడ్చి పారబోస్తుంది. ఇంకోటి. ఈ ఉత్తరాలు ఇంకెక్కడా లేవు. పోస్టుమాను ఉత్తరం ఇంట్లో ఇచ్చాక పోస్టాఫీసులో ఉండదు కదా. ఇదీ అంతే. ఈ డిస్కులో పోతే లోకంలో పోయినట్టే.”

అని, కంప్యూటరుకి చెవి ఆనించి విన్నారు. లోపల డిస్కు పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేస్తోంది. ఆయన మొహం మారిపోయింది. “ముందు నగలు, తర్వాత గిన్నెలు” అని గొణుక్కుంటూ క్యారేజీ విప్పి డిస్కు తీశారు. అన్నిటికంటే ముందు ఆ బుట్టని కాపీ పెట్టారు.

మధ్యాహ్నం భోజనాల వేళకి బుట్ట అయిపోయింది. మిగతావి నడుస్తున్నాయి. అప్పుడొచ్చింది ఫోను. మా లారీని వేరే రాష్ట్రం సరిహద్దులో ఆపేశారు. చేపలు పాడవకుండా ఏదో మందు కలిపారని అనుమానమట. డ్రైవరు నాంచారయ్యని స్టేషన్లో కూర్చోబెట్టారు. ఆ లోడుకి ల్యాబు రిపోర్టు సాయంత్రంలోగా చూపించకపోతే కేసు రాస్తామన్నారు. ల్యాబుకి ఫోను చేస్తే ఎత్తేవాళ్ళు లేరు, రెండో శనివారం.

నాంచారయ్య భార్య ఆటోలో పరిగెత్తుకొచ్చింది. ముందు తనకే ఫోను చేశాడట. కూర్చోమన్నా కూర్చోలేదు. తలుపు పట్టుకుని నిలబడి, “ఒదిలేస్తారా అండీ ఆయన్ని? మందూ మాకూ ఆయనకేం తెలుసండీ, బండి తోలటం తప్ప” అని మళ్ళీ మళ్ళీ అదే మాట.

ఓనర్ గారు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచారు. “రిపోర్టు నా బుట్టలో ఉంది. ఆపవయ్యా నీ కాపీ! తెరువు!”

“తెరవనండీ.”

“నా కంప్యూటరయ్యా అది!”

“మీదే. కాదన్నానా?” మైలవరం గారు కంప్యూటరుకి అడ్డంగా చెయ్యి చాపారు. పొట్టి మనిషి, ఆ చెయ్యి ఓనర్ గారి ఛాతీ దాకా కూడా రాలేదు. “ఆ చప్పుడు ఇన్నారా? ఇప్పుడు పాత ప్రోగ్రాం లేపామంటే లేస్తూనే ఇల్లు సర్దుకోవటం మొదలెడుతుంది. ఆ సర్దుడులో డిస్కు కూలబడిందంటే మిగతా ఉత్తరాలు కూడా మంట్లో కలుస్తాయి. నన్ను తిట్టండి, పడతాను. దాన్ని మాత్రం ముట్టుకోనివ్వను.”

“అవతల మనిషి స్టేషన్లో ఉన్నాడయ్యా!”

“అందుకేగా చెప్పేది. మీ అమ్మగారి బుట్ట ఎప్పుడో దాటించేశాను. ఇటు రండి.”

కొత్త కంప్యూటరు ముందు కూర్చుని, చెత్తబుట్టలో కాకుండా విడిగా ఒక ఫోల్డరు తెరిచి, దానికి తెలుగులో పేరు పెట్టారు: ఎండుచేపల బుట్ట. కాపీ తీసినవన్నీ అందులోకి దింపారు. లేచి నిలబడి ఓనర్ గారికి కుర్చీ చూపించారు. “మీ బుట్ట. మీరే తియ్యండి. ఏది ఎక్కడుందో చెయ్యి పెట్టినవాడికే తెలుస్తుంది.”

ఓనర్ గారు కూర్చుని మౌసు పట్టుకున్నారు. వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. రిపోర్టు ఆయన అనుకున్నచోటే ఉంది. నేను దాన్ని సరిహద్దు దగ్గరి ఆఫీసుకి పంపించాను. ఆ తర్వాత ఎంతసేపు కూర్చున్నామో నాకు తెలియదు. మైలవరం గారు పాత డిస్కు దగ్గరికి వెళ్ళి మిగతా కాపీ చూసుకుంటున్నారు. ఎట్టకేలకు నాంచారయ్యే ఫోను చేశాడు, లారీలోంచి. వెనక ఇంజను చప్పుడు మా అందరికీ వినపడింది.

ఆ ఇల్లాలు అప్పుడు కూర్చుంది, కింద గచ్చు మీదే. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, “మీదే ఊరండీ?” అని మైలవరం గారినే అడిగింది.

“మైలవరమమ్మా.”

“మీ ఊరు సల్లగుండాలండీ” అంది.

ఆయన గొప్పలు చెప్పుకోకుండా ఊరుకున్న సందర్భం నాకు తెలిసి అదొక్కటే. పెరుగన్నం మా గదిలోనే కూర్చుని తిన్నారు. సాయంత్రానికి మిగతావన్నీ చేర్చి, పాత డిస్కు విప్పి, గుడ్డలో చుట్టి, క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టుకుని వెళ్ళిపోయారు. అప్పటి నుంచి మా ఆఫీసులో ఏ వైరు కదిలినా ఆయనే వచ్చేవారు. ఆ డిస్కు మాట మాత్రం నేను పూర్తిగా మర్చిపోయాను. ఆయన మెయిలు పంపేది ఓనర్ గారికి, జవాబు రాయాల్సింది ఓనర్ గారు, నాకేం సంబంధం?

ఆయన పోయారని ఫోను వచ్చిన ఆ రోజే మధ్యాహ్నం షాపుకి వెళ్ళాను. సగం సామాను అట్టపెట్టెల్లో ఉంది. బల్ల మీద ఆయన కంప్యూటరు ఒక్కటే ఇంకా వెలుగుతోంది. వాళ్ళావిడ సన్నగా, ఆయనకంటే ఒక చెయ్యి పొడుగ్గా ఉన్నారు. నన్ను చూసి, “కంకిపాడు అమ్మాయివి నువ్వేనా?” అన్నారు. తలూపాను. బీరువా తీసి చూపించారు. అరలన్నీ ఖాళీ. మధ్య అరలో ఒక స్టీలు గిన్నె, మూత పెట్టి. మూత మీద తెల్లటి పట్టీ. ఆయన దస్తూరీ: కొల్లేరు. జవాబు రాలేదు. చెరపకూడదు.

క్యారేజీలో మూడో గిన్నె!

“ఇన్నేళ్ళా?” అన్నాను. “ఒక్కమాట గుర్తుచేస్తే సరిపోయేదిగా అండీ?”

“నేనూ పోరానమ్మా. గుర్తుచేస్తే తినకుండానే తిన్నామంటారే పిచ్చిదానా అన్నారు.”

“ఆ రోజే రిపోర్టు పంపాం కదండీ, కొత్తదాంట్లోంచి? అది లెక్కకి రాదా?”

“అదీ అడిగా. అది పక్కవాడికి వడ్డించింది, వాళ్ళు తిన్నది కాదన్నారు.”

నేను గిన్నె అందుకోబోయాను. ఆవిడ బీరువా తలుపు మెల్లిగా దగ్గరికి వేశారు. “ఏమీ అనుకోకమ్మా. జవాబు రాకుండా ఇవ్వొద్దన్నారు. ఆయన మెయిలు ఇందులో తెరిచే ఉంచా. చూస్తూ ఉంటాలే.” నాకు మళ్ళీ కోపం రాబోయింది. పోయిన మనిషి పంతం ఈవిడ పడుతోందేమిటి అనుకున్నాను. ఆవిడ మొహం చూశాక ఆ కోపం నిలవలేదు. ఆయన పనిలో మిగిలింది ఆ ఒక్కటే. దాన్ని సగంలో ఒదిలి బీరువా ఖాళీ చెయ్యడం ఆవిడకి ఇష్టం లేదు.

ఆఫీసుకొచ్చి ఓనర్ గారికి చెప్పాను. ఆయన కంప్యూటరు వైపు కుర్చీ తిప్పి, ఎండుచేపల బుట్ట తెరిచి, నేరుగా అడుక్కి వెళ్ళారు. మైలవరం గారి మెయిలు అక్కడుంది.

“కొల్లేరు గారికి. కొత్తింట్లో కాపురం పెట్టారు. ఇందులో ఒక పాత ఉత్తరం మీరే వెతికి తీసి చదువుకోండి. తర్వాత దీనికి జవాబు రాయండి. మీ జవాబు వచ్చేదాకా పాతింటి తాళం నా దగ్గర భద్రంగా ఉంటుంది.”

“ఇన్నాళ్ళూ జవాబు రాయలేదేమండీ?” అని అడిగాను.

“రాస్తే తాళం ఇచ్చేస్తాడుగా” అన్నారు ఓనర్ గారు. “కావాలనే రాయలా. ఆయన దగ్గర ఉందంటే నాకు ధైర్యం. మా అమ్మ బుట్టలో ఉన్నట్టే.”

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చేపల లోడు మొత్తం కుళ్ళిపోయిన రోజున కూడా ఆయన గొంతు అలా పలకలేదు.

పద్ధతి ప్రకారమే చేశారు. ముందు ఒక పాత ఉత్తరం తీశారు. మొట్టమొదట సరుకడిగినవాడిది. పైకి చదివారు, చివరిదాకా. తర్వాత మైలవరం గారి మెయిలు తెరిచి, చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశారు.

“తిన్నామండీ.”

పంపించి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. నా ఫోను మోగింది.

“జవాబొచ్చిందమ్మా” అన్నారు ఆవిడ. “వచ్చి తాళం తీసుకెళ్ళండి.”

ఓనర్ గారు నన్ను పంపలేదు, తనే చెప్పులు వేసుకున్నారు. ఇద్దరం నడిచి వెళ్ళాం. ఆవిడ గిన్నె మూత తీసి, గుడ్డలో చుట్టిన డిస్కుని ఆయన రెండు చేతుల్లో పెట్టారు. “చెరపటం నాకు రాదండీ” అన్నారు. “చెరపొద్దమ్మా” అన్నారు ఓనర్ గారు. ఆవిడ మూత మీది పట్టీ ఒలిచేసి, గిన్నె కుళాయి కింద కడిగి, కొంగుతో తుడిచారు. కిటికీలో ఉన్న క్యారేజీ తెచ్చి, ఆ గిన్నెని అడుగున పెట్టి, పైన రెండూ సర్ది, గొళ్ళెం బిగించారు.